తెగిన రోడ్డు కాడ ఎత్తిన చెయ్యి

దగ్గరికి జరగండమ్మా. వెనక నిలబడ్డోళ్లు కూడ వచ్చి ఈ చాప మీద కూసోండి. భద్రాద్రి రామయ్యకు మనసుల ఒక దండం పెట్టుకోండి... ఒక మలుపు సంగతి చెప్త.

భద్రాచలం దాటి గోదారి ఒడ్డెంబడి పైకి పోయే రోడ్డు మీకెరుకే. ఒక పక్క నది, ఒక పక్క అడవి. మా తాతల నాడు అది ఎడ్లబండ్ల బాట. తర్వాత కంకర పోసిన్రు, తారేసిన్రు, స్టేట్ హైవే అని రాళ్లకు పచ్చరంగు పూసి నంబర్లు రాసిన్రు. గోదారికి ఆ నంబర్లతో ఏం పని? వరదొచ్చినప్పుడల్లా ఒడ్డు కోసుకపోయింది. ఒక మలుపు కాడైతే రోడ్డునే మింగింది. అడవి వైపు జరిపి ఇంకోటేసిన్రు. అదీ పోయింది. ఇప్పుడున్నది మూడోది. పాత తారు ముక్క నీళ్ల మీదికి వేలాడుతనే ఉంటది... దాన్నే తెగిన రోడ్డు అంటరు.

ఆ మలుపుకు చెడ్డపేరు. మొదటి రోడ్డుతో కొట్టుకపోయిన మనుషులకు ఇంటికి పోయే దారి దొరకలేదట. రాత్రిళ్లు కొత్త రోడ్డు పక్కకొచ్చి చెయ్యెత్తుతరట. అందుకే డ్రైవర్లకు ఒక కట్టుబాటు — అక్కడ మూడుసార్లు హారన్ కొట్టాలె. ఎవరు చెయ్యెత్తినా ఆగొద్దు. అన్నా, తమ్మీ అని వరస పెట్టి పిలిస్తే అసలే ఆగొద్దు.

కారేపల్లి వీరబాబు పదకొండేండ్లు ఈ కట్టుబాటు తప్పలేదు. ట్రాలీ బండిల ఉల్లిగడ్డలు, ఎండుచేపలు వేసుకొని, సంతకు ముందురోజు రాత్రే ఆ రోడ్డెక్కేటోడు.

పోయినేడు వానాకాలం. ముసురు. తెగిన రోడ్డు కాడికొచ్చి మూడు హారన్లు కొట్టిండు. మూడోది కొట్టంగనే... లైటు వెలుగుల ఒక ఆడమనిషి.

నది వైపు నిలబడ్డది. తడిసి ముద్దయింది. భుజం మీద తెల్లమూట. చెయ్యెత్తింది.

"అన్నా..."

వీరబాబు రామ రామ అనుకుంట బండిని ఉరికించిండు.

అద్దంలో చూడొద్దనుకుంటనే చూసిండు. వెనక ఎర్రలైటు వెలుగుల ఆమె ఉరికొస్తంది. ఉరికి, ఉరికి... ఆగింది. వెనక్కి తిరిగింది. బురదల కాలితోని తడుముతంది —

చెప్పు. జారిపోయిన చెప్పు వెతుక్కుంటంది. దొరికింది, తొడుక్కున్నది, మళ్లా ఉరికింది.

దెయ్యానికి చెప్పెందుకు?

ఆ మాట వీరబాబుకు తట్టింది. కాలు సడలింది. బండి మెల్లగయింది. కానీ పదకొండేండ్ల భయం ఊకుంటదా... బండి మళ్లా ఊపందుకున్నది.

నాలుగు కిలోమీటర్ల అవతల హోటల్ కాడ ఆపి చెప్పిండు. అక్కడున్న లారీ డ్రైవర్లు నవ్విన్రు. ఆగి ఉంటే రేపటిసంది నువ్వు గూడ అక్కడ నిలబడి చెయ్యెత్తేటోడివని ఒకడు, మొలకు ఎర్రదారం కట్టుకొమ్మని ఇంకొకడు. అరగంట కూసున్నడు, చాయ్ తాగలేదు. గ్లాసు పక్కనబెట్టి బండి వెనక్కి తిప్పిండు.

మలుపు కాడ ఎవరూ లేరు. వాన... కింద గోదారి సప్పుడు. అంతే.

తెల్లారి సంతల తెలిసింది. అడవి లోపలి గుంపుల, అంటే చిన్న గూడెంల, ఉండే ముత్తక్క అనే ఆమె, జ్వరంతోని కాలిపోతున్న మూడేండ్ల బిడ్డ పూలిని దుప్పట్ల చుట్టుకొని రోడ్డు మీదికొచ్చిందట. ఫోన్‌కు సిగ్నల్ లేదు. ఏ బండీ ఆగలేదు. అడవిల అడ్డదారి పట్టి దవాఖానకు నడిచిందట. తల్లి చేరింది. పూలి దారిలనే పోయింది.

మూడోనాడు వీరబాబు ఆ గుంపుకు పోయిండు. కాళ్ల మీద పడి చెప్పేద్దామనే పోయిండు. ఆమెకు ఇతనెవరో తెల్వదు. లైట్ల వెలుగు తప్ప ఏ డ్రైవర్ మొహమూ ఆ రాత్రి ఆమె చూడలేదు. సంతల విని పలకరించడానికి వచ్చిండనుకొని, చెంబుతో నీళ్లిచ్చి కూసోబెట్టింది.

"ఆరు బండ్లు పోయినయ్ అన్నా," అన్నది మెల్లగ. "నాలుగోది జర నిదానమైంది. ఆగుతడనుకున్న. పూలికి గూడ చెప్పిన... బండొచ్చింది బిడ్డా అని."

నాలుగోది తనదేనని చెప్పకుంటనే వీరబాబు నీళ్లు తాగి, చెంబు కిందబెట్టి వచ్చిండు.

అప్పటిసంది ప్రతి సంతకు ముందురోజు రాత్రి ఆ మలుపు కాడ బండి ఆపుతడు. ఇంజిన్ బంద్ చేస్తడు. క్యాబిన్ల లైటేసి, ఎడమ పక్క తలుపు తీసి, దాని ముందు నిలబడి చీకట్లకు పిలుస్తడు — ఎవరన్నా ఉన్నరా అమ్మా, ఎక్కుండ్రి, దవాఖానకు తీస్కపోత... ఎవరూ ఎక్కరు. కాసేపు చూసి పోతడు.

మొన్న అట్లనే మలుపు కాడ ఆగి వీరబాబు అదే హోటల్‌కు వచ్చేసరికి, కొత్తగ ఈ రోడ్డెక్కిన ఒక లారీ డ్రైవర్ చాయ్ తాగుతండు. వీరబాబును చూసి దగ్గరికి జరిగి గుసగుసగ చెప్పిండు.

"తెగిన రోడ్డు కాడ ఆగకు కాకా. ఇప్పుడే చూసిన. అక్కడ దెయ్యం బండి నిలబడ్డది. లోపల లైటు... తలుపు తీసి ఎవడో ఎక్కుండ్రి ఎక్కుండ్రి అని పిలుస్తండు."

ఎవడో కాదు, నేనే అందామని వీరబాబు నోరు తెరిచిండు. అంతల్నే అతను —

"వాడు చీకట్లకు చూసి పిలుస్తనే ఉన్నడు కాకా. వాని వెనక, సీట్ల... చిన్నపిల్ల ఎక్కి కూసోని ఉన్నది."

వీరబాబు తిరిగి తన బండి దిక్కు చూసిండు. క్యాబిన్ చీకటిగ ఉంది... ఆ రాత్రి మిగిలిన దారంతా ఎడమ పక్కకు చూడకుంట, గుంతల కాడ మెల్లగ, నిద్రపోతున్న బిడ్డ లేస్తదేమో అన్నట్టు నడిపిండట.

నిజమా, కాదా... రామయ్యకెరుక. నేను మిమ్మల్ని అడిగేది ఒక్కటే తల్లీ. రాత్రిపూట రోడ్డు మీద ఎవరన్నా చెయ్యెత్తితే, బండి ఆపి ఏమైందమ్మా అని అడగండి. దెయ్యమైతే రామయ్య చూసుకుంటడు. మనిషైతే మనమే చూసుకోవాలె. ఈ ఒక్క పని గుర్తుంచుకోండి, చెయ్యండి. మీ ఇంట్ల బండి తోలేటోళ్లతోని కూడ చేయించండి.