రాజారాం పేర బియ్యం

పెత్రమాస నాటి పొద్దున సాయవ్వ చాటలో మానెడు బియ్యం, నాలుగు బీరకాయలు, గుమ్మడి ముక్క సర్దుతోంది. బోధన్ చుట్టుపక్కల ఊళ్లలో ఆ రోజు పోయినవాళ్ల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం ఇస్తారు. పోయినవాళ్లు ఆ పూట గడప దాకా వస్తారనీ, తమ పేరు వింటేనే కడుపు నిండుతుందనీ నమ్మకం.

అరుగు మీద చెరకు కత్తి నూరుతున్న భర్త భీమన్న మెల్లగా అడిగాడు. "ఈసారన్న పోరని పేరు చెప్దామా?"

"బతికున్నోని పేరు మీద బియ్యమిస్తరా ఎవలన్న?" అంది సాయవ్వ తలెత్తకుండా.

అదీ సంగతి. కొడుకు రాజారాం పటాలంలో చేరాడు. శాంతి కాపాడాలని కాంగో దేశానికి పంపితే, అరవై ఒకటి చలికాలంలో తూటా తగిలి అక్కడే పోయాడు. తంతి వచ్చింది, అతని బట్టల పెట్టె వచ్చింది, మనిషి మాత్రం రాలేదు. "నేను వాని మొకం సూసిన్నా?" అని సాయవ్వ మొండికేసింది. కోడలు రేణుక గాజులు తీయనివ్వలేదు. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి ఊరే ఊరుకుంది.

పొయ్యి దగ్గర గారెలు వేస్తున్న రేణుక లేచి వచ్చింది.

"అత్తా, ఇంక నాతోని గాదు."

"ఏంది గాదు?"

"ఈ గాజులేస్కొని తిరుగుడు. బాయికాడ ఆడోళ్లు మాట్లాడుడు ఆపి నా చేతులు సూస్తరు. ఏడుద్దామంటే బతికున్నోని కోసం ఏడుస్తరా అంటవు."

"మారుమనువు మీద మనసైతే పో. అడ్డమొచ్చిన్నా?"

భీమన్న కత్తి పక్కన పెట్టేశాడు. రేణుక మాత్రం గొంతు పెంచలేదు.

"నేను యాడికి పోను. నీ కొడుకు గురించే అడుగుతున్న. రెండు పెత్రమాసలాయె. అందరింటోళ్లు వచ్చి తిని పోతుండ్రు. గాయినె గూడ వచ్చి మన గడపల నిలవడి ఉంటడు గద. తాత పేరు చెప్తివి, ముత్తాత పేరు చెప్తివి. తన పేరు రాకపాయె. ఉట్టి కడుపుతోని మల్ల గంత దూరం పోయిండేమో అత్తా."

సాయవ్వ చేయి బియ్యంలోనే ఆగిపోయింది. ఇన్నాళ్లూ కొడుకును బతికించుకుంటున్నాననే అనుకుంది. వాడు ఆకలికి ఒక్క నిమిషం ఆగేవాడు కాదు. బడి నుంచి వస్తూనే, చేతులైనా కడగకుండా కుండలో చేయి పెట్టేవాడు. వాడు గడప దాకా వచ్చి ఆకలితో తిరిగిపోయి ఉంటాడన్న మాట ఇన్నేళ్లలో ఆమెకు తట్టనే లేదు.

అంతలో అయ్యగారు వచ్చి కూర్చున్నారు. భీమన్న ఒక్కొక్క పేరే చెప్పాడు.

"ఇంకెవలన్న ఉన్నరా?" అన్నారు అయ్యగారు, లేరనే మాట వినడానికి అలవాటుపడి.

"రాజారాం," అంది సాయవ్వ. గడప వైపు తిరిగి మళ్లీ గట్టిగా చెప్పింది. "రాజారాం. నా కొడుకు."

రేణుక చేయి గాజుల మీదికి పోయింది. సాయవ్వ ఆ చేయి పట్టుకుంది. "నీకు బరువైతే తియ్యి బిడ్డా. ఊరి కోసమైతే తియ్యకు."

తర్వాత లోపలికి వెళ్లి ఇంకో మానెడు బియ్యం తెచ్చి చాటలో పోసింది. మరో మానెడు కూడా తెచ్చింది.

"ఒక్కటి చాలవ్వా," అన్నారు అయ్యగారు.

"పోయిన రెండేండ్లయి గూడ తీస్కో అయ్యా," అంది సాయవ్వ, కళ్ల నీళ్లు తుడుచుకోకుండానే. "వాడు ఆకలి మీదున్నడు."