సగం బిళ్ళ

రోజూలాగే ఆర్డిస్ కూరల కత్తితో తన గుండె బిళ్ళను రెండు ముక్కలు చేసింది. ఒకటి నోట్లో వేసుకుంది. రెండోది భర్త లైల్ జావ గిన్నె పక్కన పెట్టింది. అది విటమిననుకుని ఆ మహానుభావుడు రెండేళ్లుగా మింగుతున్నాడు.

మిల్వాకీ నగరం నుంచి వచ్చిన కూతురు జోలీన్ బల్ల మీద కంప్యూటర్ తెరిచింది. ముసలివాళ్లు మందుల బీమాలో చేరడానికి ఆ రోజే ఆఖరు.

"అమ్మా, ఈ గులాబీ బిళ్ళ రోజుకెన్ని?"

"ఒకటి."

"మరి అక్కడ ఆ సగం ఏమిటి?"

ఆర్డిస్ గిన్నెను ఆ ముక్కకు అడ్డంగా జరిపింది. ఆవుల కొట్టం నుంచి అప్పుడే వచ్చిన లైల్ బూట్లు విప్పుతూ, "అదా? నా విటమిను" అన్నాడు.

జోలీన్ ఆ ముక్కను సీసాలోని బిళ్ళ పక్కన పెట్టి చూసింది.

"నాన్నా, డాక్టరు నీకు రాసిందీ ఈ మందే కదూ?"

"రాశాడు. నాకేం రోగం? మందూ వద్దు, బీమా సంతకాలూ వద్దన్నాను."

"సగం మందుతో నీకేమవుతుందో తెలుసా అమ్మా?"

"తెలుసు. కొట్టంలో ఆయన కుప్పకూలితే లేపేదెవరు? బతిమాలి బతిమాలి నా నోరు పడిపోయింది. ఇంకేం చెయ్యమంటావే?"

లైల్ కుర్చీలో కూలబడ్డాడు. "నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా."

"చెబితే మింగేవాడివా?"

లైల్ కూతురి వైపు తిరిగి, "నా పేరు కూడా ఎక్కించు అమ్మాయ్" అన్నాడు.

జోలీన్ ఎక్కించింది. కానీ ఆ బీమా జనవరి ఒకటి దాకా మొదలు కాదు. ఇంకా ఇరవై అయిదు రోజులు. అప్పటిదాకా ఆయన మందు బీమా లేకుండా కొనాలంటే నెలకు ఆరువందల డాలర్లు. అంత ఆ ఇంట్లోనూ లేదు, జోలీన్ జీతంలోనూ మిగలదు.

లైల్ ఆ ముక్కను భార్య వైపు జరిపాడు. "ఇవాళ్టి నుంచి మొత్తం నువ్వే వేసుకో."

ఆర్డిస్ వెనక్కి నెట్టింది. "మింగు. జావ చల్లారిపోతోంది."

"నాకొద్దు. నువ్వు లేకపోతే నేనేం చేసుకోను?"

"నేను మాత్రం?"

ముక్క బల్ల మధ్యలో ఆగిపోయింది. ఎవరిని మింగమనాలో తెలియక, జోలీన్ మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది.