బేస్ కావలెను

సింగపూర్లో తెలుగువాళ్ళు చేసే తప్పుల్లో మొదటిది, తమ మాట చుట్టుపక్కల ఎవరికీ అర్థం కాదనుకోవడం. భీమవరం కౌశిక్ ఆ తప్పు చేసింది బుకిట్ పంజాంగ్ కమ్యూనిటీ క్లబ్బు హాల్లో, ఒక ఆదివారం పొద్దున్న, బయట కుండపోతగా వాన కురుస్తుండగా.

వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని కాళ్ళు పట్టేశాయి, కాసేపు షటిల్ ఆడదామని యూ టీ పేటలోని తన గది నుంచి తడుస్తూ వచ్చాడు పాపం. తీరా చూస్తే కోర్టు నిండా నీలం మ్యాట్లు. వాటి మీద బోలెడంత కుర్రకారు. మధ్యలో ఇద్దరబ్బాయిల అరచేతుల మీద ఒకమ్మాయి నిటారుగా నిలబడి ఉంది.

కౌశిక్ ఫోన్ తీసి రూమ్మేటుకి రిపోర్టిచ్చాడు.

“రాకురా పృథ్వీ, కోర్టు పోయింది. ఎవరో చీర్ లీడర్లంట, గెంతుతున్నారు. క్రికెట్లో ఫోరు కొడితే కుచ్చులూపుతారే, ఆ బాపతు. ఇదీ ఒక ఆటేనా చెప్పు?”

ఆ ఏడాదే ఇరవై ఓవర్ల మ్యాచ్‌ల సందడి కొత్తగా మొదలైంది. చీర్ లీడరంటే అతనికి తెలిసింది అంతవరకే.

పైనున్న అమ్మాయి దిగింది. దిగడమంటే మనం నిచ్చెన దిగినట్టు కాదు. గాల్లో ఒక చుట్టు తిరిగి, కిందనున్నవాళ్ళ చేతుల్లో పడి, లేచి నేరుగా కౌశిక్ దగ్గరికొచ్చింది. పేరు ప్రణవి. పుట్టింది విజయవాడలో, పెరిగింది ఇక్కడ, చదువుతున్నది డిగ్రీ ఆఖరి సంవత్సరం.

“కుచ్చులు ఎక్కడ కనిపించాయి నీకు?” అంది.

కౌశిక్ ఫోన్ గబుక్కున జేబులో కుక్కేశాడు. “మీరు తెలుగాండీ?”

“తెలుగే. అండ్ ఇది కాంపిటీషన్ స్పోర్ట్. పడితే బోన్స్ విరుగుతాయి. నువ్వేం ఆడతావ్?”

“ఇక్కడైతే షటిలండీ. మా ఊళ్ళో కబడ్డీ. కాలేజీ టీముకి కెప్టెన్ని.” పోయిన పరువు కొంతైనా దక్కించుకుందామని ఛాతీ కాస్త విరిచాడు.

“ఓ, స్ట్రాంగ్ ఆ? అయితే నన్ను పైకి లేపి ఎయిట్ కౌంట్స్ కదలకుండా పట్టుకో. చూద్దాం లా” అంది, మాట చివర సింగపూర్‌వాళ్ళ ‘లా’ తగిలించి.

ఇంకో కుర్రాడు రెండోవైపు నిలబడ్డాడు. ప్రణవి వాళ్ళ చేతుల్లో అడుగుపెట్టి సర్రున పైకి లేచింది. మూడు దాకా మనవాడు బాగానే ఉన్నాడు. నాలుగుకి మోకాళ్ళు గజగజలాడాయి. ఐదు అనేలోపు ఆవిడే జాలిపడి దిగిపోయింది.

“కబడ్డీలో పట్టుకుంటే కింద పడేయాలండీ. ఇక్కడేమో పట్టుకుని పైకి లేపమంటున్నారు” అని నసిగాడు కౌశిక్.

“ఎక్స్‌క్యూజ్ మాత్రం సూపర్.”

అందరూ నవ్వారు. కౌశిక్‌కి తల కొట్టేసినట్టయింది. ఇక తోక ముడవడమే మేలనుకుని, “సరేనండీ, నేను వస్తా మరి” అన్నాడు, మనవాళ్ళు ఎవరైనా సెలవు తీసుకునేటప్పుడు అన్నట్టే.

ప్రణవి ముఖం వెలిగిపోయింది. వెనక్కి తిరిగి, “కోచ్, హి సెడ్ హి విల్ కమ్” అని కేకేసింది.

“ఎక్కడికండీ?”

“ప్రాక్టీస్‌కి. వస్తా అన్నావుగా. మా బేస్ జెరెమీ ఆర్మీకి వెళ్ళిపోయాడు. కింద మోసేవాళ్ళు లేక మా టీమ్ డెడ్.”

ఆ దేశంలో మగపిల్లలకి రెండేళ్ళు సైన్యంలో పనిచేయక తప్పదు. అలా ఖాళీ అయిన చోటది.

“అది కాదండీ. వస్తా అంటే వెళ్తా అని.”

“వస్తా అంటే వెళ్తానా? వాట్ లాంగ్వేజ్ ఈజ్ దిస్?” కళ్ళు ఇంతలేసి చేసుకుని అమాయకంగా అడిగింది.

ఆ కళ్ళ ముందు నిలబడి తెలుగు వ్యాకరణం చెప్పే మొనగాడెవరు? కౌశిక్ మాత్రం కాదు. కోచ్ షిర్లీ అప్పటికే అతని చేతిలో టీము చొక్కా పెట్టేసింది.

ఆ తర్వాత అతని వారాంతాలన్నీ ఆ మ్యాట్ల మీదే గడిచాయి. అరచేతుల తోలు ఊడింది. సోమవారం ఆఫీసులో మౌసు పట్టుకుంటే చురుక్కుమనేది. బరువు ఎత్తేది చేతులు కాదు, తొడలని తెలిసింది. పల్టీలు కొట్టే పిల్లలు ఎన్నిసార్లు దబ్బున పడి లేస్తారో చూశాక, పృథ్వీకి ఫోన్లో చెప్పిన మాట గుర్తొచ్చి సిగ్గేసింది. షిర్లీ రోజూ ఒకటే పాఠం చెప్పేది: పైనున్న మనిషి ఎటు పడినా ముందు నీ వీపు నేలకి తగలాలి, ఆ మనిషి తగలకూడదు.

పోటీ దగ్గర పడ్డాక ఓసారి మ్యాట్లు చుడుతూ ప్రణవి అసలు సంగతి చెప్పింది.

“లాస్ట్ ఇయర్ పడి కాలర్ బోన్ విరిగింది నాకు. నాన్న అప్పుడు హాల్లోనే ఉన్నారు. ఈసారి కూడా వస్తారంట. మళ్ళీ ఫ్లోర్ మీద పడ్డానంటే ఇక మ్యాట్ ఎక్కనివ్వరు. అండ్ నన్ను మోసేది ఎవరో ఆయన చూడాలంట. రేపు ఇంటికి రా.”

మర్నాడు వాళ్ళ ఫ్లాట్లో పార్థసారథిగారు అతన్ని ఎగాదిగా చూశారు. బ్యాంకులో రిస్కు లెక్కలు చూసే మనిషి.

“మా అమ్మాయిని పట్టుకునేది నువ్వేనా?”

“నేనేనండీ.”

“పడదని గ్యారంటీ ఇస్తావా?”

“ఇవ్వలేనండీ. ఆటన్నాక పడొచ్చు. కానీ నేల మీద మాత్రం పడనివ్వను అంకుల్.”

ఆయన పేపరు తీసి చదువుకోసాగారు. ప్రణవి వాళ్ళమ్మ అరుంధతిగారు మాత్రం అతని పళ్ళెంలో ఇంకో పెసరట్టు వేశారు.

కౌశిక్ లేచాడు. ప్రణవి చెప్పులేసుకుంటూ, “అమ్మా, ఇతన్ని లిఫ్ట్ దాకా దింపి పాలు తెస్తా. వస్తా మరి” అంది. “ఊఁ, వెళ్ళిరా” అన్నారావిడ.

లిఫ్ట్ తలుపు మూసుకుంది. కౌశిక్ చేతులు కట్టుకుని చూశాడు.

“వస్తా అంటే వెళ్తానా?”

ప్రణవి లిఫ్ట్ మీటల వైపు మహా శ్రద్ధగా చూసింది. “వెళ్తా అంటే అమ్మ గుమ్మం దాటనివ్వదు. చిన్నప్పట్నుంచీ వస్తా అనే అంటాం.”

“మరి ఆ రోజు?”

“బేస్ కావాలి కదా. కాళ్ళు అంత వణికినా నువ్వు చేతులు తీసెయ్యలేదు. కొత్తవాళ్ళు భయపడి వదిలేస్తారు. అందుకే నిన్ను చోప్ చేశా.”

హాకర్ సెంటర్లో, అంటే అక్కడి తిండి అంగళ్ళ దగ్గర, టిష్యూ ప్యాకెట్టు పడేసి కుర్చీ ఆపుకోవడాన్ని చోప్ అంటారు; అంత సులువుగా తనని ఆపేసింది. న్యాయంగా అయితే కోపం రావాలి. రాలేదు సరికదా, లిఫ్ట్ కింది అంతస్తుకి చేరేలోపు ఆ పిల్లంటే తనకి చచ్చేంత ఇష్టమని తేలిపోయింది. పోటీ అయ్యాక చెబుదామనుకున్నాడు. మోసేవాడి మనసు చెదిరితే చేతులూ చెదురుతాయి.

పోటీనాడు అంతా సాఫీగానే సాగింది. పల్టీలు కుదిరాయి, విసుర్లు కుదిరాయి. ఆఖరున ప్రణవి కౌశిక్‌వాళ్ళ చేతుల మీద ఒంటికాలిపై లేచింది. జనం ఈలలేశారు. అంతలో ఆమె నడుం కొంచెం వంగింది. పాదం జారింది. మనిషి వెనక్కి ఒరిగిపోయింది.

కౌశిక్ ఆలోచించలేదు. కబడ్డీలో కూత పెట్టి వచ్చినవాడి కాళ్ళకి అడ్డం పడ్డట్టు దూకాడు. అతని వీపు ధబ్బున నేలకి తగిలింది, ఆమె వచ్చి అతని ఛాతీ మీద పడింది, ఆమె మోచెయ్యి నేరుగా అతని ముక్కు మీద పడింది.

“ఓకేనా?” అన్నాడు రక్తం మింగుతూ.

“ఓకే. లేపు.”

లేపాడు. పాట ఆగేలోపు ఆమె మళ్ళీ పైన నిలబడి నవ్వింది. మార్కులు పోయాయి, కప్పు వేరే టీముకి పోయింది.

ఫస్ట్ ఎయిడ్ గదిలో కౌశిక్ ముక్కు మీద ఐసు పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన ప్రణవి. పార్థసారథిగారు లోపలికొచ్చి కూతురి భుజాలు, మోచేతులు తడిమి చూసుకున్నారు. గీత కూడా పడలేదు.

“ప్రాక్టీసులో ఎప్పుడూ పడలేదన్నావు. ఇవాళ ఎందుకు పడ్డావమ్మా?”

“కిందికి చూశా నాన్నా. పైకెళ్ళాక కిందికి చూస్తే బ్యాలెన్స్ పోతుంది.”

“తెలిసీ ఎందుకు చూశావ్? కింద ఏముందని?”

ప్రణవి వంగి బూట్ల లేసులు విప్పడం మొదలెట్టింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

కౌశిక్ ఐసు పక్కన పెట్టాడు. ముక్కు మెట్టవంకాయంత ఉబ్బింది గానీ, గొంతు మాత్రం స్థిరంగా ఉంది. “కింద నేనున్నానండీ అంకుల్. నాకూ తనంటే ఇష్టమేనండీ. ఇవాళ చెబుదామనుకున్నాను. ముందు మీకే చెప్పాల్సొచ్చింది.”

పార్థసారథిగారు ఆ ముక్కు వంక చూశారు, నెత్తురంటిన చొక్కా వంక చూశారు. ఐసు తీసి మళ్ళీ అతని చేతిలో పెట్టారు. తర్వాత కూతురి వైపు తిరిగారు.

“చూసేదేదో కింద ఉన్నప్పుడు చూసుకో. పైకెళ్ళాక మాత్రం ముందుకే చూడు. వచ్చే ఏడాది కప్పు మనది కావాలి.”

ప్రణవి అప్పుడు కిందే ఉంది. అందుకని కౌశిక్ వైపు తిరిగి తనివితీరా చూసింది.