వెనక మంచం మీద బరువు

కోల్డ్‌స్ప్రింగ్ కనుమ నెత్తి మీద, లారీలవాళ్ళు బ్రేకులు చూసుకునే జాగా ఒకటుంది. వయోమింగ్‌లో ఆ దారిన తిరిగేవాళ్ళెవరూ పొద్దుగూకాక అక్కడ ఆగరు. ఆగక తప్పకపోతే, వెనకున్న ట్రైలర్ తలుపుకి కొండెక్కకముందే తాళం వేసుకుంటారు. దెయ్యమంటే పకపకా నవ్వే గొర్రెలకాపరులు కూడా ఆ తాళం మాత్రం మరిచిపోరు.

వెనకటికి, మనుషులు ట్రైలర్లలోనే పడుకుని ప్రయాణాలు చేసే రోజుల్లో, ఒకాయన అక్కడ బండి ఆపాడట. పెళ్ళాం కాసేపు కాళ్ళు సాగదీసుకుందామని దిగింది. లోపలే ఉందనుకుని ఆయన వెళ్ళిపోయాడు. బయట మంచు... మర్నాడు దొరికిందట, కొయ్యబారిపోయి.

అప్పట్నుంచీ తాళం లేని ట్రైలర్ ఆగితే చాలు, ఎక్కేస్తుందట. ఎక్కి, లోపల్నుంచి తడుతుందట. అప్పుడు ఆగి తలుపు తీసినవాడు మళ్ళీ కనబడలేదంటారు. మరి ఆ సంగతి చెప్పిందెవరూ అంటే ఎవరూ నోరు విప్పరు!

"అంచేత ఆపొద్దు, తియ్యొద్దు," అంది కొండ కింద హోటల్ నడిపే ఓపల్, వెండెల్ ముందు చిల్లీ అనే మాంసం చిక్కుళ్ళ కూర గిన్నె, దాల్చినచెక్క రోల్ పెడుతూ.

"నా డబ్బాలో దెయ్యానికి చోటెక్కడుందమ్మా!" అని నవ్వాడు వెండెల్.

నిజంగా డబ్బాయే. ఎప్పుడో అరవైల నాటి ట్రైలర్, గుండ్రటి వీపుతో ఆకుపచ్చగా ఉంటుంది; లోపల ముందు బల్ల, వెనక మంచం. ఎవరి పెరట్లోనో తుప్పుపడుతుంటే తెచ్చుకుని, చలికాలమంతా షెడ్డులో కూర్చుని బాగుచేశాడు. తన మధ్యరకం పికప్‌కి తగిలించుకుని మొదటిసారి బయల్దేరాడు.

పక్కనున్న పెళ్ళాం మార్లీస్ నవ్వలేదు. పొద్దున్నుంచీ ట్రైలర్ తోక ఊపుతూనే ఉంది. ఊపదూ మరి, సామానంతా తీసుకెళ్ళి వెనక మంచం కింద కుక్కాడాయె!

"వెనక బరువుంటే ఊగుతుంది, ముందుకి మార్చు మహానుభావా అని మొత్తుకుంటున్నానా? గుర్రాల ట్రైలర్ల మధ్య పుట్టి పెరిగాను, నాకు తెలీదంటావా?"

"అంత తెలిస్తే నువ్వే తోలుకో!"

అనైతే అన్నాడు గానీ, హోటల్ వాకిట్లోనే సణుక్కుంటూ సామాను ముందుకి మార్చాడు. అంతే, ట్రైలర్ గీత గీసినట్టు బుద్ధిగా వెంట వచ్చింది. పెళ్ళాం మాట నెగ్గినందుకు వెండెల్‌కి ఇంకా మండింది. మార్లీస్‌కి తలనొప్పి పట్టుకుంది. పికప్ వెనక సీట్లోకి మారి, దిండ్లు పేర్చుకుని నిండా దుప్పటి కప్పుకుంది.

కొండెక్కేసరికి ఇంజను వేడెక్కిపోయింది. ఆగకూడదనుకుంటూనే సరిగ్గా ఆ జాగాలో ఆగాడు. చీకటి పడిపోయింది. గాలి ఈలలు వేస్తోంది. ట్రైలర్‌కి తాళం లేదు. వేస్తే ఓపల్ మాటకి భయపడ్డట్టవుతుందని వెయ్యలేదు.

ట్రైలర్ తగిలించిన కొక్కెం చూశాడు, గొలుసులు చూశాడు, చక్రాల మీద చెయ్యి పెట్టి వేడి చూశాడు. ఇంజను చల్లబడ్డాక లోపలికొచ్చి కూర్చున్నాడు. వెనక సీట్లో దుప్పటి ముద్దగా ఉంది.

"నిద్రపోయావా?" అన్నాడు.

దుప్పటి కదల్లేదు. ఇంకా కోపం దిగలేదనుకున్నాడు. బండి కదిలించాడు.

దిగుడు మొదలైంది. మొదటి మలుపులో పికప్‌ని వెనకనుంచి ఎవరో పక్కకి లాగినట్టయింది. ఇదేమిటి... సామాను ముందే ఉందిగా! ట్రైలర్ అటు ఊగింది... ఇటు ఊగింది...

ఠక్.

ఠక్ — ఠక్ — ఠక్.

లోపల్నుంచే! ఆపొద్దు, తియ్యొద్దు... ఓపల్ మాటలు చెవిలో గింగురుమన్నాయి. చేత్తో వేసే ట్రైలర్ బ్రేకు నొక్కి, ఊపు కాస్త తగ్గించాడు. చప్పుడు ఎక్కువైంది. ఎవరో రెండు చేతులా బాదుతున్నారు.

"మార్లీస్... లే... లెమ్మంటున్నానా!"

చెయ్యి వెనక్కి చాపి దుప్పటి లాగాడు.

దిండ్లు. దుప్పటి కింద ఉత్త దిండ్లు.

దెయ్యం భయం ఎటు పోయిందో! ట్రైలర్లో ఉంటే ఉంది... లేకపోతే పైన, ఆ చలిలో, ఒంటరిగా... వెనకటి ఆయన చేసిన పనే తనూ చేశాడా? రోడ్డు కాస్త వెడల్పయిన చోట బండి ఆపి, పరిగెత్తి తలుపు లాగాడు.

ముందువైపు, బల్ల కాలు వాటేసుకుని కింద కూర్చునుంది మార్లీస్.

"పెళ్ళాం ఎక్కిందో లేదో చూసుకోవా ముసలాడా? తలనొప్పి మాత్ర కోసం లోపలికొస్తే ఎత్తుకుపోతావా? చేతులు పడిపోయాయి తట్టీ తట్టీ!"

వెండెల్ ఆమెని కావిలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఈమె ప్రాణాలే పోయుండేవి, అదీ తన మూర్ఖత్వంవల్ల. అతన్ని తిడుతూనే మార్లీస్ కూడా ఏడ్చింది. కాస్త తేరుకోగానే అతనికి నోరు లేచింది.

"లోకానికి నీతులు చెప్తావు గదా! నువ్వెళ్ళి వెనక మంచమెక్కుతావా? ఇంకాస్తయితే లోయలో పడేవాళ్ళం!"

మార్లీస్ ఏడుపు ఆగిపోయింది. అతని చెయ్యి పట్టుకుని బయటికి లాగింది. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.

"నేను ఎక్కినప్పట్నుంచీ ముందువైపే ఉన్నాను," అంది చెవిలో. "వెనకున్నది ఆవిడ. అటు తిరిగి పడుకుంది... చలికి వణుకుతోంది. పైన నువ్వే జాలిపడి ఎక్కించుకున్నావనుకున్నా. బండి ఊగుతోంది, ముందుకి రా తల్లీ అని బతిమాలాను... పలకలేదు."

ఇద్దరూ పికప్ ఎక్కారు. ఆ వాలులో ట్రైలర్ ఊడదీసే వీల్లేదు. ఫోను పలకడంలేదు. దిగువన ఊరి దీపాలు కనిపిస్తున్నాయి. వెండెల్ బండి కదిలించాడు.

ట్రైలర్లో ముందున్న మార్లీస్ దిగిపోయింది. ఇక ట్రైలర్ మరీ ఊగాలి. బ్రేకు మీద చెయ్యి ఉంచాడు. ఒక మలుపు... ఇంకో మలుపు...

ఊగలేదు. గీత గీసినట్టు వెంట వస్తోంది.

కొక్కెం దగ్గర కిర్రుమంది. పికప్ వెనక భాగం మెల్లగా... కిందికి కుంగింది.

"మార్లీస్..."

"అద్దంలో చూడకు," అంది గుసగుసగా. "ముందుకొచ్చి కూర్చుంది."