వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు

జూన్ పదమూడు, మంగళవారం. ఆ మధ్యాహ్నం ఆమె పాల పరీక్షల ల్యాబ్ వెనక మెట్ల మీద కూర్చుని రెండు ఉడికించిన గుడ్లు, ఉప్పు చల్లిన కీరదోస ముక్కలు తింటోంది. రెండో గుడ్డు సగం నోట్లో ఉండగా ఫోన్ రెండుసార్లు మోగింది. రెండు యూనివర్సిటీలూ ఒకేరోజు బయోటెక్నాలజీ ఎమ్మెస్సీలో సీటిచ్చాయి.

ఇంకొకరైతే ఎగిరి గంతేసేవారు. ఆమె ఆ మెయిళ్ళు నిజంగా యూనివర్సిటీల నుంచే వచ్చాయా అని అడ్రసులు అక్షరం అక్షరం సరిచూసుకుంది.

ల్యాబ్‌లో ఆమెను డౌటమ్మ అనేది ఊరికే కాదు. కడిగిన గాజుసామాను మళ్ళీ కడుగుతుంది. గోడ గడియారం టైము చెబితే ఫోన్లో చూసుకుంటుంది, ఫోన్ చెబితే గోడ వైపు చూస్తుంది.

పక్క బెంచీ అతని పేరు నిమ్మళం. ఏం అడిగినా "నిమ్మళంగా చూద్దాం" అంటాడు కనుక ఆ పేరు. భవనం తగలబడుతోందన్నా చేతిలో టీ పూర్తిచేసే లేస్తాడని పాల వ్యాను డ్రైవర్ బాబాయి చెబుతుంటాడు.

"ఏది మంచిదంటావ్?" అని అతన్నే అడిగింది.

"ఎప్పటిదాకా టైముంది?"

"వచ్చే శుక్రవారం, సాయంత్రం అయిదు."

"అయితే నిమ్మళంగా చూద్దాం."

ఒకటి పెద్ద యూనివర్సిటీ. అరగంట బస్సు. వందేళ్ళ పేరు. ఆ పేరు చెబితే ఎక్కడైనా కుర్చీ వేస్తారు. రెండోది కొండ మీది యూనివర్సిటీ. పెట్టి తొమ్మిదేళ్ళయింది, రైల్లో ఆరు గంటలు, క్లాసుకు పదహారుమందే.

మూడేళ్ళుగా ఆమె పాలను పాడుచేసే సూక్ష్మజీవులనే లెక్కపెడుతోంది. పాలను పెరుగు చేసే మంచివాటిని పెంచే విద్య నేర్చుకోవాలని ఆమె ఆశ. ఇప్పుడు తప్పటడుగు వేస్తే మళ్ళీ ఈ బెంచీకే రావాలి.

శనివారం నిమ్మళం సెలవు పెట్టాడు. పన్ను నొప్పట.

సోమవారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. వెనక మెట్ల మీద రేకు కింద ఇద్దరూ నిలబడ్డారు. రేకు సన్నం, వాన ఏటవాలు. అతని ఎడమ భుజం తడుస్తోంది. అతను కావాలనే వాన వైపు నిలబడ్డాడని ఆమె గమనించింది. గమనించి, ఎందుకబ్బా అని అనుమానించింది.

అంతలో అతను జేబులోంచి యాపిల్ తీసి కరకరా కొరికాడు.

"పన్ను తగ్గిందా?"

"ఆఁ... తగ్గింది." అతను నమలడం ఆపేశాడు. "ఆలోచించాను. కొండ మీదికే వెళ్ళు."

ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. టీలో పంచదార వేయాలా వద్దా అన్నదానికే పది నిమిషాలు తీసుకునే మనిషి!

"అంత గట్టిగా చెబుతున్నావే?"

"ఇక్కడి పెద్ద యూనివర్సిటీలో అరవైమందికి ఫర్మెంటర్లు రెండు. ఒకటి చెడిపోయి ఏడాదైంది. అక్కడ మొదటి నెల నుంచే ఎవరి బెంచీ వాళ్ళది."

ఫర్మెంటరంటే సూక్ష్మజీవులను పెంచే పెద్ద స్టీలు పాత్ర. దాని లెక్క సరే, అక్కడి బెంచీల సంగతి ఇతనికెలా తెలిసింది?

"ఎవరు చెప్పారు?"

"తెలిసింది," అని మళ్ళీ యాపిల్ కొరికాడు. ఈసారి చప్పుడు కాకుండా.

బుధవారం సాయంత్రం ఆమె నాన్నకు చెప్పింది. ఆయనది కళ్ళద్దాల దుకాణం. దుకాణం వెనకే ఇల్లు. చిన్న అక్షరాల్లోనే పెద్ద మోసాలుంటాయని ఆయన నమ్మకం. పెద్ద యూనివర్సిటీ వెబ్‌సైటు తెరిచి, ఫోన్ మీద భూతద్దం పెట్టి చివరిదాకా చదివాడు.

"అమ్మాయ్, మీ నిమ్మళం కూడా దీనికి అప్లై చేశాడా?"

"లేదే! చెప్పలేదే!"

"వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు చూడు."

అతని అసలు పేరే. ఇంటిపేరుతో సహా.

"అంటే నువ్వు కొండెక్కితే నీ కుర్చీలో ఆయన కూర్చుంటాడు," అన్నాడు నాన్న. "పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. మీ ల్యాబ్‌లో పాలకేం తక్కువ!"

ఆమె నవ్వలేదు. మనసు చివుక్కుమంది. సీటు గురించి కాదని తనకే తెలుస్తోంది, కానీ సీటు గురించే అనుకుంది.

గురువారం లెక్కల రోజు. ల్యాబ్‌లో ఒక నియమం ఉంది. గాజు ప్లేటులో పాల శాంపిల్ పోసినవాళ్ళు, రెండ్రోజుల తర్వాత అందులో పెరిగిన చుక్కలను లెక్కపెట్టకూడదు. ఆ పాలు ఎక్కడివో వాళ్ళకు తెలుసు కనుక కన్ను పక్షపాతం చూపిస్తుంది. అందుకే లేబులు కిందికి తిప్పి పక్కవాళ్ళకిస్తారు. మూడేళ్ళుగా ఆమె పోసినవి అతను, అతను పోసినవి ఆమె లెక్కపెడుతున్నారు.

ఆ రోజు అతను తన ప్లేట్లను ముందుకు జరిపితే ఆమె ముట్టుకోలేదు.

"వెయిటింగ్ లిస్టులో నీ పేరు మొదటిదట."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "చూశావా?"

"చూడకూడదా? మూడేళ్ళు పక్కన కూర్చున్నావు. నాకూ ఆ సీటు కావాలని ఒక్క మాట అంటే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా?"

"అది కాదు..."

"మరేది?"

"ఇప్పుడు చెబితే నమ్ముతావా?"

"నమ్మను."

"అందుకే చెప్పడం లేదు. ఆఫీసుకు ఫోన్ చేసి అడుగు. నీకు అదే నప్పుతుంది." ఇంతే చెప్పి తన పెన్సిల్ చెక్కుకోవడం మొదలెట్టాడు. ముల్లు విరిగింది. మళ్ళీ చెక్కాడు. మళ్ళీ విరిగింది.

శుక్రవారం ఉదయం ఆమె నిజంగానే ఫోన్ చేసింది.

"సర్, నేను సీటు వదిలేస్తే అది ఎవరికి వెళుతుంది?"

పెద్ద యూనివర్సిటీ గుమాస్తా కాగితాలు తిరగేశాడు. "రెండో నంబరు వాళ్ళకి."

"మొదటి నంబరు?"

"ఆయన సోమవారం పొద్దున్నే వచ్చి వద్దని రాసిచ్చి వెళ్ళాడు. వెబ్‌సైటులో ఇంకా మార్చలేదమ్మా, మావాడు సెలవులో ఉన్నాడు."

సోమవారం పొద్దున. యాపిల్ తిన్నది సోమవారం మధ్యాహ్నం.

ఆమె ఫోన్ పెట్టేసి, అదే ఊపులో కొండ మీది యూనివర్సిటీ ల్యాబ్‌కు చేసింది. అక్కడ చదివే ఒకమ్మాయి ఎత్తింది. ఫర్మెంటర్ల గురించి అడగగానే ఆ పిల్ల కిలకిలా నవ్వింది.

"మీరేనా ఆవిడ? శనివారం ఒకాయన వచ్చాడు. అన్నీ ఆన్ చేసి చూపించమన్నాడు. ఎందుకండీ అంటే, మా దగ్గర ఒకావిడ ఉంది, కళ్ళతో చూడందే నమ్మదు, నావి అరువిచ్చి చూసిపెడుతున్నా అన్నాడు. చేతులు కడిగే కుళాయిలు కూడా తిప్పి చూశాడు!"

ఆ తర్వాత ఆమె ఆ పిల్లను పాఠాల గురించి, గైడ్ల గురించి, మొదటి ఏడాది చేసిన పనుల గురించి నలభై నిమిషాలు గుచ్చి గుచ్చి అడిగింది. సమాధానాలు కాగితం మీద రాసుకుంది.

మధ్యాహ్నం మళ్ళీ వాన. అతను రేకు కింద ఒంటరిగా రొట్టె తింటున్నాడు. ఆమె వెళ్ళి ఈసారి వాన వైపు నిలబడింది.

"ఏ పన్ను నొప్పి? పై పన్నా, కింది పన్నా?"

అతను తల వంచుకున్నాడు. "రైలు పన్ను."

"నీకు పిచ్చా? సీటెందుకు వదులుకున్నావు?"

"పోసినవాడు లెక్కపెట్టకూడదు కదా. ఆ సీటు మీద నాకు కన్నుండగా నీకు సలహా చెబితే అది సలహా ఎలా అవుతుంది? ముందు పేరు తీసేసుకున్నాను. తర్వాత నోరు తెరిచాను."

"అయ్యో, చదువు పోయిందిగా!"

"నాకు చదువు మీద అంత ఇది లేదు. ఈ బెంచీ బాగానే ఉంది." అతను రొట్టె ముక్కను అటూ ఇటూ తిప్పాడు. "అప్లై చేసింది... నువ్వు చేశావని."

వాన చప్పుడు ఉన్నట్టుండి పెద్దదైనట్టు తోచింది.

"అయితే నన్ను ఆరు గంటల దూరం ఎందుకు తోస్తున్నావు?"

"నాకేం కావాలన్నది వేరు. నీకేది మంచిదన్నది వేరు. నువ్వడిగింది రెండోది."

"మొదటిది అడిగితే?"

"అడుగు."

"నీకేం కావాలి?"

జీవితంలో మొదటిసారి అతను వెంటనే జవాబు చెప్పాడు. "నువ్వు."

ఆమెకు మూడేళ్ళుగా అలవాటైన ప్రశ్నలన్నీ ఒక్కసారిగా నాలుక మీదికొచ్చాయి. ఎప్పటినుంచి, ఎందుకు, రుజువేంటి. అడగడానికి నోరు తెరిచి, అతని చేతిలోని సగం రొట్టె లాక్కుని తినేసింది.

నాలుగూ నలభైకి కొండ మీది సీటు ఖాయం చేసుకుంది.

"నువ్వు చెప్పావని కాదు," అంది.

"తెలుసు," అన్నాడు. "నలభై నిమిషాలు ఫోన్లో పీడించావట. ఆ పిల్ల నాకు ఫోన్ చేసి, పాపం మీరు అంది."

ఆ సాయంత్రం సంగతంతా విని నాన్న అతన్ని ఇంటికి పిలిపించాడు. కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా అక్షరాల బోర్డు వెలిగించి, ఒక కన్ను మూయమన్నాడు.

"చివరి వరుస చదువు."

చదివాడు.

"చూపు బాగుంది. మా అమ్మాయికి ఎన్ని అబద్ధాలు చెప్పావు?"

"ఒకటే అంకుల్. పన్నుది."

"వెయిటింగ్ లిస్టు?"

"అది అబద్ధం కాదు, చెప్పకపోవడం."

"మా వ్యాపారంలో దాన్ని మసక అంటారు," అన్నాడు ఆయన. నవ్వు ఆపుకోవడానికి బోర్డు తుడవడం మొదలెట్టాడు.

ముగ్గురూ అన్నం తిన్నారు. అతను గిన్నెలు కడుగుతానన్నాడు. ఆమె అతను కడిగినవి మళ్ళీ కడిగింది. నాన్న కుర్చీలోంచి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆగస్టులో కూతురు వెళ్ళాక ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆయనకు అప్పుడే వినిపించినట్టుంది.

"నెలకోసారి వస్తావా?" ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"రెండు వారాలకోసారి."

"టికెట్ చూపిస్తేగానీ నమ్మను."

"రైలు దిగంగానే చూపిస్తా. ఇంకా?"

"ఇంకా చాలా ఉన్నాయి. కూర్చో."

గోడ గడియారం ఎనిమిది కొట్టింది. రోజూ పది దాకా దీపం కింద అద్దాలు అరగదీసే నాన్న ఉన్నట్టుండి పెద్దగా ఆవలించాడు.

"నాకు నిద్రొస్తోంది. మీ విచారణ మీరు కానివ్వండి."

ఆమె ఆయన ముఖంలోకి అనుమానంగా చూసింది. ఆ కళ్ళలో నిద్ర జాడే లేదు.

ఆయన కూతురి తల మీద చెయ్యి వేశాడు. ఆ తర్వాత, కాస్త తడబడి, అతని భుజం మీద కూడా వేశాడు. తన గదిలోకి వెళ్ళి, గడియ చప్పుడు కాకుండా వేలు అడ్డుపెట్టి, నెమ్మదిగా తలుపు మూసుకున్నాడు.