గుంతలో డబ్బా చప్పుడు

ఇబ్రహీంపట్నం దాటి మంచాల రోడ్డు మీద కాస్త దూరం పోతే ధర్మేందర్ పందుల షెడ్డు వస్తుంది. ముక్కు మీద ఈగ వాలనివ్వని మనిషి. తనకు అన్నం పెట్టే పందులంటే మరీ చులకన.

"డబ్బా మోగితే నోట్ల నీళ్లూరతయ్, ఉరికొస్తయ్. గంతే వాటి బతుకు," అని ఇకిలించేవాడు. రోజూ సాయంత్రం ఖాళీ నూనెడబ్బాను కర్రతో మూడుసార్లు కొట్టి, హోటళ్ల నుంచి తెచ్చిన ఎంగిలి తొట్లో పోసేవాడు.

ఆ వారం పన్నెండు పందులకు జ్వరం వచ్చింది. చెవులు నీలంగా మారాయి, వెనక కాళ్లు తూలాయి. పశువుల దవాఖాన నుంచి అరుణ వచ్చి రక్తం తీసుకుంది.

"రోగం రకం మారినట్టుంది ధర్మేందరన్నా. మనమేసిన టీకాకు ఇది లొంగుతలేదు. రిపోర్టు వచ్చేదాంక ఒక్క పందిని గూడ బయటికి పంపకు."

"మీ సూది పనిచేయకపోతే రోగం కొత్తదా మేడం? మస్తు జెప్పినవ్!"

అలా తీసిపారేశాడు మహానుభావుడు. మర్నాడు సాయంత్రం వ్యాపారి బాలరాజ్ బండి వస్తుంది. మిగిలిన నలభై పందులూ అమ్ముడుపోతేనే షెడ్డు నిలబడుతుంది. జబ్బువి కంటబడితే మాత్రం బాలరాజ్ మంచివాటిని కూడా ముట్టడు.

అందుకని ఆ పూటే షెడ్డు వెనక జేసీబీతో గుంత తీయించాడు. పన్నెండింటినీ మోసే ఓపిక ఎవరికుంది? జబ్బువాటిని మాత్రమే బయటికి వదిలి, గుంత అవతల నిలబడి డబ్బా కొట్టాడు.

అవి వచ్చాయి. తూలుతూ, మూతులు పైకెత్తి, తిండి దొరుకుతుందన్న ఆశతో వచ్చాయి. ఒకదాని వెనక ఒకటి గుంతలో పడ్డాయి.

"అన్నా... ఇంక పానమున్నది," అన్నాడు పనిమనిషి ముత్యాలు గొంతు తగ్గించి.

"రేపటికి ఎట్లైనా సస్తయ్. నువ్వు సున్నం పోసి మన్ను కప్పు."

ఛీ! ఆ మాట అన్న నోటితోనే ఇంటికి పోయి అన్నం తిన్నాడు.

మర్నాడు సాయంత్రం మబ్బు పట్టింది. గాలి స్తంభించింది. పులిసిన ఎంగిలి వాసనలో సున్నం ఘాటు కలిసి ముక్కుల్లో గుచ్చుకుంటోంది. బండి వచ్చేలోపు మేత పెడదామని ధర్మేందర్ తొట్టి నింపి, మూడుసార్లు డబ్బా కొట్టాడు.

ఒక్కటీ కదలలేదు.

నలభై పందులూ వెనక గోడకు అతుక్కుని నిలబడ్డాయి. చెవులు రిక్కించి ఏదో వింటున్నాయి.

"ఏం మాయరోగమొచ్చింది మీకు?" అని తిట్టాడు.

అప్పుడు మోగింది. ఠంగ్... ఠంగ్... ఠంగ్...

షెడ్డు వెనక నుంచి. మట్టి కింద నుంచి.

"ముత్యాలూ! వెనక డబ్బా కొడుతున్నదెవడ్రా?"

ముత్యాలు గేటు దగ్గర నుంచి వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "డబ్బా నీ చేతులనే ఉన్నది గదన్నా..." అని గొణిగాడు.

ఠంగ్... ఠంగ్...

నలభై పందులూ ఒక్కసారిగా ఉరికాయి. రేకు తలుపు విరిగి పడింది. ధర్మేందర్‌ను తోసేసి గుంత మీదికి పోయి, సున్నం తేలిన మట్టిలో మూతులు పెట్టి పడుకున్నాయి. అతను చూస్తుండగానే వాటి చెవులు కొనల నుంచి నీలంగా మారుతున్నాయి... ఒకదాని తర్వాత ఒకటి... అన్నీ.

రోడ్డు మీద హారన్ వినిపించింది. బాలరాజ్ బండి గేటు దాకా వచ్చింది. ఎవరూ దిగలేదు. షెడ్డు పక్కగా గుంత మీద ఆ నీలం చెవులు కనబడగానే బండి వెనక్కి తిరిగిపోయింది. ముత్యాలు దాని వెంబడే పరిగెత్తాడు.

జేబులో ఫోన్ మోగింది. అరుణ.

"అన్నా, రిపోర్టొచ్చింది. కొత్త రకమే. మిగిలినయి మంచిగనే ఉన్నయా?"

ధర్మేందర్ జవాబు చెప్పబోయాడు. మట్టి కింద మళ్లీ డబ్బా మోగింది. ఈసారి చప్పుడు చాలా దగ్గరగా ఉంది.

"అన్నా? ఇనబడుతున్నదా?"

అతని కాళ్లు గుంత వైపు కదిలాయి. నోటి నిండా నీళ్లూరి, గడ్డం మీదుగా ఫోన్ మీద కారుతున్నాయి.