ఆపరేషన్ ఒకవేళ

ఆశన్న శవం మంగళవారం పొద్దున ముప్కాల్ దగ్గర కాలువలో తేలింది. కాలు జారిందన్నారు అందరూ. ముప్ఫై ఏళ్లు పాత దస్తావేజుల గదిలో నిచ్చెనలెక్కి దిగిన మనిషి, ఏనాడూ కాలు జారనివాడు.

పదకొండింటికల్లా పుష్పలత నిజామాబాద్‌లో ఒక విత్తనాల దుకాణం వెనక గదిలో కూర్చుంది. ముందు మక్క విత్తనాలు, వెనక ఇంటెలిజెన్స్ స్టేషన్. నలభై ఏడేళ్ల పుష్పలత కవర్ బీమా ఏజెంట్. ఏం చేస్తారని అడిగితే "ఏజెంట్‌ను" అని నిజమే చెప్పేది. రెండో ప్రశ్నకు ఎవరూ ఆగేవారు కాదు. పదిహేనేళ్లలో ఇంతకంటే పకడ్బందీ మారువేషం డిపార్ట్‌మెంట్‌కు దొరకలేదు.

స్టేషన్ చీఫ్ మధుకర్ ఆమెకంటే పదేళ్లు చిన్న. తలుపు గొళ్లెం పెట్టి గొంతు తగ్గించాడు.

"అక్కా, ఆశన్న మనకు పంపిన ఆఖరి మెసేజ్ సూడు. 'ఒకవేళ ఇక్కడికొచ్చింది.' గంతే."

"ఒకవేళ అంటే ఎవలు?"

"మనిషి కాదు, సాఫ్ట్‌వేర్. బయటి దేశపోళ్ల రింగ్ ఒకటి తయారుజేసింది. డెబ్బై దేశాల చరిత్ర దానికి తినబెట్టిండ్రు. ఫలానా యుద్ధం ఓడితే, ఫలానా సంతకం పడకపోతే, దేశాలు ఎట్ల మారుతుండె అని లెక్క గడ్తది."

"గడ్తె మనకేంది? మా ఆయన రోజూ గదే పని. ఆ మ్యాచ్ గెలిస్తే ఎట్లుండు, ఈ ప్లాటు కొంటే ఎట్లుండు అని."

మధుకర్ నవ్వలేదు. "మీ ఆయన ఊకుంటడక్కా. వీళ్లు ఊకుంటలేరు. ఏ చిన్న అబద్ధం పెడితే దేశం చీలుతదో మిషిన్ చెప్తది. వీళ్లు ఆ అబద్ధానికి పాత సాక్ష్యం పుట్టిస్తరు. ఇంతకుముందు ఒక దేశంల దొంగ ఒప్పందం కాగితం ఒకటి దొరికింది. ఆరు నెలలల్ల ఆ దేశం నడుమ ముండ్లకంచె లేసింది. ఇప్పుడు మిషిన్ మన బోధన్ పేరు చెప్పింది."

టేబుల్ మీద ఒక కరపత్రం పెట్టాడు. 'చరిత్ర మరోలా జరిగి ఉంటే? చర్చాసభ. శనివారం ఉదయం, నిజామాబాద్. అందరికీ భోజన వసతి కలదు.'

"పందొమ్మిది వందల నలభై ఎనిమిది సెప్టెంబర్ విలీనం మీద ఏదో బయటపెడ్తరట. జనం లేసి మొత్తుకుంటె ఆ రెండు నిమిషాల వీడియోనే వాళ్ల బాంబు. పదకొండున్నరకు లక్షల ఫోన్లకు పోతది. రాళ్ల ట్రాక్టర్లు రెండు దిక్కులా తయారున్నయ్."

"అంకిత ఏమంటున్నది?"

అంకిత రింగ్ లోపల ఉన్న మన మనిషి. కోడ్ నేమ్ చిలుక. చరిత్ర పరిశోధకురాలి వేషం, కలంకారీ చీర, ఖరీదైన నల్లకళ్లద్దాలు. కోడ్ వాడటం నుంచి వెంటపడేవాణ్ణి వదిలించుకోవడం దాకా ఆమెకు నేర్పింది పుష్పలతే.

శుక్రవారం బోధన్‌లో మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ గోడ పక్కన అంకిత కారు ఆగింది. అద్దం దిగింది.

"అక్కా, పాలసీ మెచ్యూర్ అయింది." పని పూర్తయిందని దాని అర్థం. ఒక కవరు చేతికొచ్చింది. "వాళ్ల నకిలీ ఉత్తరం ఇదే. రేపు స్టేజి మీద వాళ్లకు ఖాళీ కవరే మిగుల్తది. నువ్వు నిమ్మలంగ ఇంట్ల పండు."

పుష్పలత ఇంట్లో పడుకోలేదు. అనుమానమేం లేదు. భోజనం ఉందన్నారు గదా అని వెళ్లింది, అంతే.

హాలు కిటకిటలాడుతోంది. బోధన్, చందూర్, వర్ని వైపు రైతులే సగం. ముందు వరుసలో ఎనభై ఆరేళ్ల దేవవ్వను కూర్చోబెట్టారు. ఆ రోజులు చూసిన మనిషి, కెమెరా ముందు కన్నీళ్లు పెట్టుకుంటే వీడియో రక్తి కడుతుందని. పుష్పలత ఆమె పక్క కుర్చీ సంపాదించి, సభ మొదలయ్యేలోపే ఆమె తండ్రి చెరుకు బండ్ల కబుర్లన్నీ వింది. కుడి చెవి దుద్దులో మధుకర్ ఊపిరి వినిపిస్తోంది.

పదకొండూ పదికి స్టేజి ఎక్కింది ఉత్తరం చదవాల్సిన ప్రొఫెసర్ కాదు, అంకిత.

"ఉత్తరం దొంగతనమైంది," అంది మైకులో. "కానీ గొంతును ఎవరు దొంగిలిస్తరు?"

టేపు తిరిగింది. గరగరల మధ్య ఓ వృద్ధుడి గొంతు. సెప్టెంబర్ నెల, బోధన్ ఫ్యాక్టరీ బంగళా, విలీనానికి ఒక రహస్య షరతు. గడువు ఈ ఏడాదితో తీరుతుంది. ఆ తర్వాత ఎవరి నేల వాళ్లది, ఎవరి జెండా వాళ్లది.

వెనక వరుసల్లో ఎవరో కుర్చీ తన్ని లేచారు. ఆరు కెమెరాలు అటు తిరిగాయి.

పాత కాగితాల మీద అనుమానముంటే ఆశన్నను అడుగు అని పోయిన ఆదివారం అంకితకు చెప్పింది పుష్పలతే. మంగళవారానికి ఆశన్న కాలువలో ఉన్నాడు.

"పాలసీ ల్యాప్స్," పని చెడిందని దుద్దులోకి గొణిగింది. "చిలుక వాళ్లదే."

"అక్కా, బలగాలు రావాలంటె ఇరవై నిమిషాలు!"

గోడ గడియారంలో పదకొండూ పదహారు. టేపులో వృద్ధుడు సంతకం చేసిన క్షణాన్ని వర్ణిస్తున్నాడు. 'కిటికీ అవతల మిషన్లలో చెరుకు క్రషింగ్ హోరు. చెరుకు బండ్లు మైలు పొడుగునా బారులు. ఊరంతా మడ్డి వాసన...'

పుష్పలత తల పైకెత్తింది. ఆమె పుట్టింది చందూర్‌లో, చెరుకు చేలో. తను లేచి మాట్లాడితే పదిహేనేళ్ల కవర్ పోతుంది. మెల్లగా దేవవ్వ చెవి దగ్గరికి వంగింది.

"అవ్వా, మీ బాపు చెరుకు బండి తోలేటోడు గదా. సెప్టెంబర్‌ల ఫ్యాక్టరీ నడిసింది, బండ్లు బారులు దీరినయని టేపుల ముసలాయన అంటుండు, నిజమేనా?"

దేవవ్వకు చెవుడు. చెవిటివాళ్ల గొంతు ఎంత పెద్దదో పుష్పలతకు తెలుసు.

"సెప్టెంబర్‌లనా? బతుకమ్మ గూడ రాకముందా?" హాలంతా మోగింది. "గప్పుడు చెరుకు ఇంక నీళ్లు దాగుతుంటది బిడ్డా! దీపావళి ఎల్లినంక గదా మిషిన్ల పొయ్యి రాజేసేది! గా ముసలోడు ఏ ఊరోడు? వానల్ల చెరుకు బండ్లు తోలిండా? మా బాపు ఉంటె చర్నకోలతోని కొడ్తుండె!"

చందూర్ రైతు ఒకడు ఫక్కున నవ్వాడు. "అవు గదనే! సెప్టెంబర్‌ల క్రషింగంట!" నవ్వు వరుస నుంచి వరుసకు పాకింది. లేచి నిలబడ్డవాళ్లు తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఆరు కెమెరాల్లోనూ పొట్ట పట్టుకుని నవ్వే జనమే. ఆ వీడియో పంపితే ఏ దేశమూ చీలదు.

పదకొండూ ఇరవై తొమ్మిది. రింగ్ మనిషి వేలు సెండ్ బటన్ మీదే ఆగిపోయింది. పక్క తలుపు దగ్గర అంకిత చేతిని ఎవరో బీమా ఏజెంట్ ఆప్యాయంగా పట్టుకుని ఉంది. మధుకర్ మనుషులు వచ్చేదాకా ఆ పట్టు సడలలేదు.

"ఆశన్నకు ఇద్దరు ఆడపిల్లలే," అంది పుష్పలత.

అంకిత నల్లకళ్లద్దాలు తీసింది. కళ్లలో బెదురు లేదు. "మిషిన్ నేర్సుకుంటదక్కా. ఈ తప్పు మళ్ల చెయ్యది. వచ్చేసారి డిసెంబర్ అని రాస్తది."

ఆ మాట నిజమని పుష్పలతకు తెలుసు. అయినా జీపు తలుపు తనే తెరిచి పట్టుకుంది.

"నేర్సుకోనీ. ముందుగాల ఒక సీజను చెరుకు కొట్టెతందుకు తోలియ్యి దాన్ని. మా దిక్కు ఎట్లా కూలోళ్లు దొర్కుతలేరు."